బొంత మీద మొదటి కుట్లు: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మా అత్తగారు బొంతలు చాలా బాగా కుడతారు. పుట్టబోయే బిడ్డకు నేనూ ఒకటి కుడదామని ఆవిడ పక్కన కూర్చుంటున్నాను. పగలు నేను కుట్టినదంతా సాయంత్రానికి విప్పేసి ఆవిడే మళ్లీ కుడుతున్నారు. వద్దనలేను, కుట్టాలన్న ఉత్సాహమూ పోతోంది.
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అత్తగారు విప్పి కుట్టడం వెనకున్న భయంలో న్యాయముంది. కుట్లు పొడవుగా, వదులుగా ఉంటే పసిబిడ్డ వేళ్లు వాటిలో ఇరుక్కుంటాయి. అనుభవం ఉన్న చేయి ఆ సంగతి చెప్పకుండానే పసిగట్టి దిద్దేస్తుంది. కానీ దిద్దుబాటు కోడలు చూడకుండా జరిగిపోతే ఆమెకు వచ్చే విద్య ఏమీ లేదు. విప్పాల్సింది ఉంటే కోడలే విప్పాలి. ఎందుకు విప్పాలో అత్తగారు పక్కన కూర్చుని చెప్పాలి.

అమెరికాలో అలబామా నది వంపులో గీస్ బెండ్ అనే పల్లె ఉంది. బానిసలుగా బతికిన నల్లజాతి కుటుంబాల వారసులు అక్కడ తరతరాలుగా బొంతలు కుడుతున్నారు. తల్లి దగ్గర కూతురు, అత్త దగ్గర మేనకోడలు నేర్చుకున్న విద్య అది. పై గుడ్డలో ఏ ముక్క పక్కన ఏ ముక్క రావాలో అక్కడి స్త్రీలు ఎవరికి వారే ఇంట్లో తేల్చుకుంటారు. పొరలన్నీ కలిపి కుట్టే వేళకు మాత్రం నలుగురూ చేరతారు. కొత్తగా కుట్టే పిల్లకు తన సొంత ఎంపికా దక్కుతుంది, పెద్దల సాయమూ అందుతుంది. గీతకు లొంగని చదరాలూ వంకర పట్టీలూ ఉన్న ఆ బొంతలు 2002లో హ్యూస్టన్ లలితకళల మ్యూజియం గోడలెక్కాయి. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో బిళ్లలు వేసింది.

గుంటూరు ఇంట్లోనూ పని పంచుకోవచ్చు. "అత్తయ్యా, నడుమ భాగం నాకు వదిలేయండి, అంచులు మీరు కుట్టండి. బిడ్డ పక్కలో మనిద్దరి చేతి కుట్టూ ఉండాలి" అని అడిగి చూడండి. నాన్నమ్మ కాబోతున్న మనిషి ఈ మాట కాదనడం కష్టం. పొడవు కుట్ల భయం తీరడానికి మొదటి రెండు వరసలు మాత్రం ఆవిడకు చూపించి, సరేనన్నాకే ముందుకు వెళ్లాలి.

ప్రశ్న: టీచరుగా రిటైరయ్యాను. మా అమ్మ నేర్పిన బొంత కుట్టు మా అపార్ట్‌మెంట్‌లో అమ్మాయిలకు నేర్పాలని మొదలుపెట్టాను. ముందు నెల రోజులు వేస్టు గుడ్డ మీద నిటారు కుట్లు వేయిస్తున్నాను. సగం మంది మానేశారు.
- ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: వేస్టు గుడ్డే వాళ్లను పంపించేసి ఉంటుంది. ఎవరూ కప్పుకోని గుడ్డ మీద నెల రోజులు సూది ఆడించడానికి ఉద్యోగాలూ పిల్లలూ ఉన్న మనిషికి మనసొప్పదు. మొదటి రోజునుంచే నిజమైన వస్తువు చేతిలో ఉండాలి, అది త్వరగా పూర్తి కావాలి. మంచం నిండే బొంత మొదటి పనికి పెద్ద బరువు. కుర్చీ మీద వేసుకునేదో, ఉయ్యాలలో పరిచేదో చాలు.

కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా సిద్దీల పద్ధతి కొత్తవాళ్లకు చాలా అనువైనది. ఆఫ్రికా మూలాలున్న ఆ సముదాయపు స్త్రీలు కుట్టే బొంతను కవంద్ అంటారు. అడుగున పాత చీర పరిచి, ఒక మూల నుంచి అంచు వెంబడి ముక్కలు పెట్టుకుంటూ, చుట్టూ తిరుగుతూ నడిమికి చేరతారు. ఒక ముక్క కుట్టాక దాని పక్కన ఏది బాగుంటుందో అప్పుడే చూసుకుంటారు. చట్రం అక్కర్లేదు, ఒళ్లో పెట్టుకుని కుట్టుకోవచ్చు. చివర నాలుగు మూలలా మడత ముక్కలతో పూలు కుడతారు, ఆ పూలు లేనిదే కవంద్ పూర్తి కాదని వాళ్ల నమ్మకం. ఇందులో మొదటి గంటలోనే రంగు ఎంచుకునే ఆనందం ఉంది. కుట్టు నిటారుగా రావడం ఆ వెంటే వస్తుంది.

టీచరుగారు మొదటి రోజు చెప్పాల్సినవి కొన్నే. ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీరలు తెమ్మనాలి. కొత్త గుడ్డయితే ముందు తడిపి ఆరేయాలి, లేకపోతే కుట్టాక ముడుచుకుంటుంది. గంజి పెట్టిన గుడ్డలో సూది కదలదు. జరీ అంచు కత్తిరించి పక్కన పెట్టాలి. దారం మూరెడు చాలు, బారెడు తీసుకుంటే చిక్కుపడుతుంది. దబ్బనం మందపాటి బొంతలకే, రెండు మూడు పొరలకు మామూలు పొడుగు సూది బాగుంటుంది. పొరలు జారకుండా నడుమ నుంచి బయటికి కచ్చా కుట్లు వేయాలి. మిగతావి చేతిలో పని ఉండగా, అవసరం పడినప్పుడు చెప్పాలి.

నేర్పే మనిషి తన బొంత కూడా తెచ్చుకుని వాళ్లతోపాటు కుట్టడం మంచిది. ఆమె దారం తెగడమూ, ఆమె కుట్టు విప్పుకోవడమూ కళ్లారా చూస్తే కొత్తవాళ్లకు కొండంత ధైర్యం. బెంగాల్లో సోనార్‌పూర్‌కు చెందిన ప్రీతికణా గోస్వామి కాంథా అనే అక్కడి బొంత కుట్టులో ఎందరో స్త్రీలకు శిక్షణ ఇచ్చి, 2023లో పద్మశ్రీ అందుకున్నారు. కుట్టు పనికి దక్కిన ఆ గౌరవంలో నేర్పిన చేతులకూ వాటా ఉందని టీచరుగారు తన అమ్మాయిలకు చెప్పవచ్చు.

ప్రశ్న: నాన్నగారు పోయి ఏడాదయింది. ఆయన చొక్కాలూ లుంగీలూ బీరువాలో ఉన్నాయి. బొంత చేయాలనుంది. నేనెప్పుడూ కుట్టలేదు. కత్తెర పెడితే పాడవుతాయేమో.
- ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: 1942లో గీస్ బెండ్‌లో మిసోరీ పెట్‌వే సరిగ్గా ఈ పనే చేశారు. భర్త పోయాక ఆయన పొలంలో వేసుకున్న బట్టలతో బొంత కుట్టారు. ఆయనను తలుచుకోవడానికీ, ఆ ప్రేమను కప్పుకోవడానికీ అమ్మ దాన్ని కుట్టిందని కూతురు అర్లోన్‌జియా తర్వాత చెప్పారు. ఆ బొంత ఇప్పుడు వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఉంది. వెలిసిన చోట్లూ మరకలూ దానిలో అలాగే ఉన్నాయి. అవి ఆయన గుర్తులు.

ముందు వేరే పాత గుడ్డలతో దిండు గలీబు ఒకటి కుట్టి చేయి కుదుర్చుకోవాలి. నాన్నగారి చొక్కాలు కత్తిరించే రోజు మాత్రం కుట్టు తెలిసిన పిన్నినో పక్కింటావిడనో తోడు పిలవాలి. పక్క కుట్ల దగ్గర విప్పితే గుడ్డ పెద్ద ముక్కలుగా వస్తుంది. జేబు జేబుగానే ఉంచి బొంత మీద అతికించవచ్చు. కాలర్ మందం, దాన్ని వదిలేయడమే మేలు. టెరికాటన్‌నూ నూలునూ కలపకూడదు, ఉతికితే ఒకటి ముడుచుకుని ఒకటి అలాగే ఉంటుంది. కనీసం ఒక చొక్కా కత్తిరించకుండా దాచుకుంటే చేయి వణకదు.

ప్రశ్న: మా ఊళ్లో బొంతలు కుట్టేవాళ్ల సంఘం, క్విల్టింగ్ గిల్డ్‌లో చేరాలనుంది. అందరూ ఆరితేరినవాళ్లు. నా చేతి కుట్టు చూసి నవ్వుతారేమో.
- ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: తప్పులు పట్టుకుని తిరిగేవాళ్లను అమెరికా కుట్టువాళ్లే క్విల్ట్ పోలీసులంటారు, వాళ్లను పట్టించుకోవద్దనీ చెబుతారు. చాలా గిల్డ్‌లు చేరకముందే అతిథిగా ఒక సమావేశానికి రానిస్తాయి. కుట్టినవి తెచ్చి అందరికీ చూపించే వేళ ఉంటుంది. ఇంట్లో అమ్మమ్మ కుట్టిన బొంత ఉంటే అది పట్టుకెళ్లండి. పావు అంగుళం కొలతలతో మెషీన్ మీద కుట్టే చేతులకు, చేత్తో వేసిన ఆ వరసలు చూస్తే అడగాలనిపించేవి ఎన్నో ఉంటాయి.

ప్రశ్న: మా ఊళ్లో ఇంటింటికీ వచ్చి బొంతలు కుట్టే ఆమె ఉంది. ఆమె దగ్గర నేర్చుకోవాలని ఉంది. డబ్బు ఇవ్వడం మర్యాదేనా?
- ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: ఇవ్వకపోవడమే మర్యాద కాదు. మీరడిగేది ఆమె జీవనోపాధిని. 1966లో గీస్ బెండ్ పరిసర స్త్రీలు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకున్నది తమ కుట్టుకు సరైన ధర రావాలనే. ఆమెకు ఒక రోజు కుట్టుకూలి ఎంతో అడిగి, నేర్పే రోజుకు అంతకంటే ఎక్కువ ఇవ్వండి. నేర్పే రోజు కుట్టు తక్కువ సాగుతుంది. చీరలూ దారమూ మీరే తెచ్చుకోండి, భోజనం మీ ఇంట్లోనే పెట్టండి. ఫోన్‌తో వీడియో తీయాలనుకుంటే ముందు అడగండి. ఆమె దగ్గర నేర్చుకుని మీరు బొంతలు అమ్మాలనుకుంటే ఆ మాట మొదటి రోజే చెప్పి, ఊళ్లో మీకొచ్చే ఆర్డర్లు ఆమెతో ఎలా పంచుకోవాలో అప్పుడే మాట్లాడుకోండి.