మూడు కిలోల నుంచి నాలుగు కిలోలకు: షాట్‌పుట్ గుండు ఎంపిక



షాట్‌పుట్ గుండు బరువు కొనేవారి ఇష్టం కాదు. వయసును బట్టి నియమావళి దాన్ని ముందే తేల్చేసింది. అండర్-18 అమ్మాయిలకు 3 కిలోలు, అండర్-20కీ సీనియర్లకీ 4 కిలోలు. అబ్బాయిలకు అండర్-18లో 5, అండర్-20లో 6, సీనియర్లకు 7.26 కిలోలు. ఈ చివరి అంకె వింతగా కనిపిస్తుంది గానీ, పాత ఇంగ్లీషు తూకంలోని 16 పౌండ్లు కిలోల్లోకి మారితే వచ్చేది అదే. వయసును పోటీ జరిగే ఏడాది డిసెంబరు 31 నాటికి లెక్కిస్తారు. నవంబరులో 18 నిండే అమ్మాయికి ఆ జనవరి నుంచే 4 కిలోల గుండు. చాలా ఇళ్లలో ఈ సంగతి ఎంట్రీ ఫారం నింపేటప్పుడు గానీ తెలియదు.

అబ్బాయిల గుండు ఒక్కో మెట్టుకు ఇంచుమించు అయిదో వంతు బరువెక్కుతుంది. అమ్మాయిలకు ఉన్నది ఒక్కటే మెట్టు, అది ఏకంగా మూడో వంతు. మూడు కిలోలతో చక్కగా వేసిన పిల్ల నాలుగు కిలోలు పట్టగానే దూరం పడిపోయిందని దిగులు పడుతుంది. తగ్గింది బలం కాదు, పద్ధతి చెదిరింది. మోచేయి కిందికి జారుతుంది, గుండు దవడ కింద నుంచి తప్పుకుంటుంది, నెట్టాల్సింది కాస్తా బంతి విసిరినట్టు అవుతుంది. గుండు భుజాల వరస దాటి వెనక్కి పోతే ఫౌలే. మధ్యలో 3.5 కిలోల గుండు దొరికితే కొన్ని నెలలు దానితో గడపడం మంచిది. పాత 3 కిలోల గుండునూ అటక మీద పడేయకూడదు, చేతి వేగం మందగించకుండా చూసేది అదే. బరువైన గుండు వేస్తేనే బలం వస్తుందన్న మాట ప్రతి గ్రౌండులోనూ వినిపిస్తుంది. బలం పెంచడానికి బార్‌బెల్ ఉంది, ఆ పని గుండుతో చేయిస్తే పద్ధతే పాడవుతుంది.

నిజంగా ఎంచుకోవలసింది సైజు. 4 కిలోల గుండు వ్యాసం 95 నుంచి 110 మిల్లీమీటర్ల మధ్య ఎంతైనా ఉండవచ్చు. 7.26 కిలోల దానికి 110 నుంచి 130. బరువు ఒకటే అయినా లోహాన్ని బట్టి సైజు మారుతుంది. నాలుగు కిలోల పోత ఇనుప గుండు సుమారు 102 మి.మీ. వస్తే, ఉక్కుది 99, ఇత్తడిది 96-97. ఇనుమో ఇత్తడో, లేదా ఇత్తడి కంటే మెత్తన కాని మరే లోహమో వాడవచ్చు. అలాంటి లోహపు డొల్లలో సీసం నింపినా నియమం ఒప్పుకుంటుంది.

సరైన సైజు ఏదో అంకెల కంటే వేళ్లు బాగా చెబుతాయి. గుండు అరచేతిలో కూర్చోకూడదు, వేళ్ల మొదళ్ల మీద ఆనాలి. మధ్య మూడు వేళ్లు వెనక, బొటనవేలూ చిటికెనవేలూ చెరో పక్క కాపు. అలా పట్టి చెయ్యి తలపైకి ఎత్తి ఇరవై అంకెలు లెక్కపెట్టే లోపు గుండు అరచేతిలోకి దిగిపోతే, ఆ చేతికి ఆ సైజు ఎక్కువ. ఆ తర్వాత దవడ కింద ఆనించి నాలుగు అడుగులు పక్కకు వేయాలి. గుండు మెడ మీద దొర్లితే అదీ పనికిరాదు. గిరగిరా తిరిగి వేసేవాళ్లు సాధారణంగా కాస్త పెద్ద గుండును, వెనక్కి గ్లైడ్ చేసి వేసేవాళ్లు చిన్నదాన్ని ఇష్టపడతారు. పురుషుల్లో 2023లో 23.56 మీటర్ల ప్రపంచ రికార్డు పెట్టిన రయాన్ క్రౌజర్ తిరిగి వేసేవాడే. తెలంగాణ అమ్మాయి అగసర నందిని హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన హెప్టాథ్లాన్‌లోనూ 4 కిలోల గుండు ఒక అంశం. ఏడు అంశాలకు సాధన చేసేవాళ్లకు వేళ్ల బలం మీద దృష్టి పెట్టేంత తీరిక ఉండదు, కాబట్టి చిన్న సైజుతో మొదలుపెట్టడం మేలు.

లేత్ మీద తిప్పి నునుపు చేసిన గుండు రంగు వేసిన దానికంటే నయం. రంగు పెచ్చులూడుతుంది, చెమట చేతికి జారుతుంది. పట్టు కోసం చాక్ పొడిని చేతులకూ మెడకూ రాసుకోవచ్చు, గుండుకూ రాయవచ్చు, కానీ తడి గుడ్డతో తుడిస్తే అది పూర్తిగా పోవాలి. గ్లవ్స్ నిషేధం.

షాపులో చేయవలసిన పరీక్షలు మూడు. దర్జీ టేపు చుట్టి చూస్తే 4 కిలోల గుండు చుట్టుకొలత 30 నుంచి 34.5 సెంటీమీటర్ల మధ్య రావాలి. నున్నటి గచ్చు మీద మెల్లగా దొర్లిస్తే ఎప్పుడూ ఒకే వైపు తిరిగి ఆగేది లోపల సీసం ఓ పక్కకు చేరిన గుండు. ఇక తూకం. పోటీకి కనీసం 4.000 ఉండాలి, ఒక్క గ్రాము తగ్గినా పక్కన పెడతారు. తుప్పు పట్టి గరుకు కాగితంతో రుద్దినప్పుడల్లా, కంకర మీద పడి చెక్కుకుపోయినప్పుడల్లా కొంచెం కొంచెం బరువు పోతుంది. అందుకే 4.005 నుంచి 4.025 మధ్య తూగేది తీసుకోవాలి. కిరాణా కొట్టు తూకం గ్రాముల తేడా పట్టదు, బంగారం కొట్టులో నాలుగు కిలోలు మోసే త్రాసు ఉంటే అడగడం నామోషీ ఏమీ కాదు.

సాధన అయ్యాక గుండు తుడిచి, పలచగా నూనె రాసి గుడ్డలో చుట్టాలి. మర్నాడు సర్కిల్‌లోకి దిగే ముందు ఆ నూనె పూర్తిగా తుడవాలి. సొంత గుండును అనుమతించే పోటీల్లో దాన్ని ముందుగా తనిఖీకి ఇచ్చి ముద్ర వేయించుకోవాలి. ఆ తర్వాత అది అందరిదీ, ఎవరైనా దానితో వేయవచ్చు. సొంత గుండును అనుమతించని పోటీల్లో నిర్వాహకులు పెట్టిన వాటిలోనే ఒకటి ఎంచుకోవాలి గనక, సాధనలో అప్పుడప్పుడు పక్కవాళ్ల గుండ్లూ పట్టి చూడటం అవసరం.