నంద్యాల సీమలో తొలినాటి చర్చిలు

నల్లమల కొండలకు పడమట, కుందూ నది పారే నల్లరేగడి నేల నంద్యాల సీమ. మహానంది, అహోబిలం వంటి క్షేత్రాలకు ఇది నెలవు. ఎఱ్ఱాప్రగడ తన నృసింహపురాణాన్ని అంకితం చేసినది ఆ అహోబిల నృసింహునికే. రాజులు, సామంతులు, దాతలు ఈ ఆలయాలలో శాసనాలు చెక్కించారు. ఎవరు భూమి ఇచ్చారో, ఎవరు అఖండదీపం పెట్టించారో ఆ రాళ్లను చదివి తెలుసుకోవచ్చు. అయితే ఆ భూమిని దున్నిన కూలీల పేర్లను శాసనాలలో వెదకడం వృథాప్రయాస. అటువంటి వారి పేర్లు తల్లిదండ్రుల పేర్లతో, ఊరితో, తేదీతో సహా వ్రాతకెక్కిన చోట్లలో పంతొమ్మిదవ శతాబ్దపు చర్చి ఒకటి. అందుచేత ఈ సీమలోని పాత చర్చి స్థలాలను భక్తులే కాక చరిత్ర విద్యార్థులు కూడ చూడవలసి ఉంది.

నాడు క్రైస్తవ ప్రచార సంస్థలు తెలుగునాట తమ తమ పరిధులను ఏర్పరచుకొన్నాయి. మెథడిస్టులు ప్రధానంగా నైజాం రాజ్యంలో పనిచేశారు. 1924లో ప్రతిష్ఠితమైన మెదకు మహాదేవాలయం వారి కృషికి ప్రసిద్ధమైన గుర్తు. కడప, కర్నూలు జిల్లాలలోని ఈ భాగానికి వచ్చినది ఇంగ్లండు సంఘానికి చెందిన ఎస్.పి.జి. అనే సంస్థ. సువార్త వ్యాప్తి కోసం 1701లో లండనులో అది ఏర్పడింది. విచిత్రమేమిటంటే, మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషుడైన జాన్ వెస్లీ కూడ 1736-37 ప్రాంతంలో అమెరికాలోని జార్జియాలో ఈ సంస్థ పక్షానే పనిచేశాడు. ఒకే కొమ్మనుండి చీలిన రెండు రెమ్మలు తెలుగు నేలలో వేర్వేరు చోట్ల వేళ్లూనాయన్నమాట. నంద్యాలలో ఎస్.పి.జి. అన్న మూడక్షరాలు ఒక ఉన్నత పాఠశాల పేరులో నేటికీ నిలిచి ఉన్నాయి.

కడపలో లండన్ మిషన్ తరపున పనిచేసిన విలియం హోవెల్ 1842లో ఎస్.పి.జి.లో చేరడంతో ఈ ప్రాంతంలో దాని పని మొదలైంది. 1850ల నాటికి ఆళ్లగడ్డకు దక్షిణాన, నేటి చాగలమర్రి మండలంలో ఉన్న ముత్యాలపాడు ముఖ్య కేంద్రమైంది. అక్కడ జాన్ క్లే, కలసపాడులో స్పెన్సర్ చాలాకాలం పనిచేశారు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కోవెలకుంట్లలో ఉరితీసినది 1847లో. ఆ జ్ఞాపకం ఇంకా పచ్చిగా ఉన్న పల్లెలలోనే, పాలకుల మతాన్ని మాల మాదిగ వాడలు స్వీకరించసాగాయి. 1876-78 నాటి ఘోరక్షామం తరువాత ఆ సంఖ్య మరింత పెరిగింది. గంజి కోసం మతం మారారని ఎద్దేవా చేసిన వారున్నారు. ఆకలి ఒక కారణం కావచ్చు, కాని కరవు తీరిన పిమ్మట కూడ వారు అక్కడే నిలిచారు. అక్షరం, అందరితోపాటు కూర్చునే చోటు, నలుగురిలో గౌరవంగా పిలిచే పేరు, ఇవి కూడ ఆకలి వంటివే.

1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్, మెథడిస్టు తదితర సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడినప్పుడు నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో అధికులు అందులో చేరలేదు. 1963లో నంద్యాల ప్రత్యేక అధ్యక్ష మండలమై, 1975లో గాని ఐక్యసంఘంలో కలియలేదు.

ఇక కట్టడాల సంగతి. ఈ సీమలో పాత గోడలు నాపరాయితోను, డంగుసున్నంతోను లేచినవి. ఎద్దులు తిప్పే గానుగలో సున్నాన్ని, ఇసుకను మెత్తగా నూరి, కరక్కాయ నీరు, బెల్లపు నీరు కలిపేవారు. ఇట్టి గోడ తేమను పీల్చుకొంటుంది, ఎండకు విడిచిపెడుతుంది. గోడ పెచ్చులూడినప్పుడు నేటివారు సదుద్దేశంతోనే సిమెంటు పూస్తారు. సిమెంటు పొర తేమను బయటికి పోనీయదు. లోపల చిక్కిన నీరు లవణాలను వెంటబెట్టుకొని రాతిని, సున్నాన్ని కొరికివేస్తుంది. పైన నున్నగా కనిపించే గోడ లోపల గుల్లబారుతుంది. వెల్లవేయవలసిన చోట ప్లాస్టిక్ రంగు వేసినా ఫలితమిదే. గోడ పగుళ్లలో మొలిచే రావిమొక్క మరొక శత్రువు. దానిని పీకితే రాళ్లు కదులుతాయి. కొమ్మలు కోసి, వేరును క్రమంగా చంపి, ఆ సందును మళ్లీ సున్నంతోనే పూడ్చాలి.

అన్నిటికంటె పెద్ద ప్రమాదం మాత్రం అభిమానమే. సంఘం పెరుగుతుంది, పాత మందిరం చాలదు. తాతలు కూలిడబ్బులు పోగుచేసి, రాళ్లు మోసి కట్టిన గుడిని మనుమలు భక్తితోనే కూల్చి కాంక్రీటు మందిరం కట్టుకొంటారు. వారిని తప్పుపట్టడం సులభం. ఆదివారం ఎండలో బయట నిలబడే ముసలివారికి నీడ కావాలి కదా. కొత్తది పక్కనే కట్టుకొని, పాతదానిని బడిగానో గ్రంథాలయంగానో వాడుకొనడం మేలైన మార్గం. వాడుకలో ఉన్న ఇల్లు శిథిలం కాదని పల్లెవారికి తెలియనిది కాదు. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం నూరేళ్లు నిండిన కట్టడాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించేందుకు వీలు కల్పిస్తుంది గాని, వయస్సు నిండినంత మాత్రాన దానంతటదే రక్షణ లభించదు.

స్థలమంటే గోడలు మాత్రమే కాదు. సమాధులు, బావి, గంట, బాప్తిస్మపు పుస్తకాలు కూడ అందులో భాగాలే. ఒక పుస్తకాన్ని చెదలు తింటే ఒక పల్లె వంశవృక్షం పోయినట్లే. పాత కాగితాన్ని ఇనుప బీరువాలో గాలి ఆడకుండ బిగించరాదు. తేమ లేనిచోట గుడ్డలో చుట్టి ఉంచి, పుటలన్నిటికీ ఛాయాచిత్రాలు తీసి, ప్రతులను వేరొక చోట భద్రపరచాలి. సమాధిరాళ్లపై అక్షరాలు అరిగిపోకముందే వాటిని ఎత్తివ్రాసుకోవాలి. రాళ్లను ఇసుకతోను ఆమ్లంతోను రుద్దితే మురికితోపాటు అక్షరమూ పోతుంది.

రాతిపనికి దూరం పోనక్కరలేదు. ఆళ్లగడ్డలో దేవతామూర్తులను మలచే శిల్పుల వీధులున్నాయి. పగిలిన గడప రాతిని అతకడం, విరిగిన సమాధిఫలకాన్ని నిలబెట్టడం వారి ఉలికి చిన్నపని.