తొండ ముదిరి ఊసరవెల్లి యగునా?

విద్యార్థులారా! మన గోదావరీ మండలములలో తాటాకు దడిమీదనో, కొబ్బరిచెట్టు మొదటనో తొండను చూడని బాలుడు లేడు. దానిని రాతితో కొట్టనివా డరుదు. "అది తల యూపి మనలను వెక్కిరించును, దూరమునుండియే రక్తము పీల్చును, అందుచేతనే దాని కంఠ మెఱ్ఱబడును" అని మీరు చెప్పుదురు. ఈ నేరములు నిజములో కావో విచారింతము.

శాస్త్రజ్ఞులు తొండను కెలోటిస్ వెర్సికలర్ అందురు. వెర్సికలర్ అనగా రంగులు మారునది. 1802వ సంవత్సరమున దౌదిన్ అను ఫ్రెంచి పండితుడు దీనిని వర్ణించెను. దేహము అరజానెడు, తోక దానికి రెండింతలకు పైగా నుండును. బల్లితోకవలె నది సులభముగా తెగిపోదు. మెడమీద ముండ్లవంటి పొలుసులు రంపపుపండ్లవలె నిలిచియుండును. చీమలు, మిడుతలు, పురుగులు దీని యాహారము. దీనికి విషము లేదు. ఇది రక్తము పీల్చదు.

దీని సామాన్యమైన వన్నె మట్టిరంగు. చర్మములోని సూక్ష్మకణములయందు నల్లని పదార్థము వ్యాపించినచో వన్నె నల్లబడును, ముడుచుకొనినచో తేలికపడును. వేడిమి, వెలుతురు, భయము, కోపము ఇందుకు కారణములు. జతగూడు కాలమున మగదాని తలయు కంఠమును ఎఱ్ఱబడును. ఆడదాని నాకర్షించుటకును, వేఱొక మగదానిని బెదరించుటకును అది ధరించు వన్నె యిది. తల యూపుటయు నందులకే.

"తొండ ముదిరి ఊసరవెల్లి యైనది" అను సామెత మనుష్యులకు తగునేమో కాని, జంతువులకు తగదు. అవి రెండును వేఱు జాతులు. ఊసరవెల్లి వ్రేళ్లు పట్టకారువలె కొమ్మను పట్టును. కన్నులు చెరియొక దిక్కునకు తిరుగును. నాలుక చాచినచో దేహముకంటె పొడవు. అది మెల్లగా నడచును, తొండ పరుగెత్తును.

ఒక వర్షాకాలమున కొందఱు బాలురు తోటలో మన్ను త్రవ్వుచున్న తొండను కొట్టి చంపి, పాఠమునకు పనికివచ్చునని నా బల్లమీద పెట్టిరి. కోసి చూపితిని. కడుపులో పదునొకండు తెల్లని గ్రుడ్లుండెను. గోతిలో గ్రుడ్లుపెట్టి మన్ను కప్పి పోవలసిన తల్లి యది! తరగతి యంతయు నిశ్శబ్దమయ్యెను. కొట్టిన బాలుడు ఆ గ్రుడ్లను దడిమొదట పాతి, గుర్తుగా ఇటుక నుంచెను. ఆరేడు వారములలో పిల్లలు వెలువడునని నేను చెప్పియుంటిని. వాడు ప్రతిదినము చూచుచుండెను. రెండు మాసములు గడచినను ఏమియు వెలువడలేదు.

ఈ పాఠము ముందే చెప్పనందుకు సిగ్గుపడితిని. అందుచేత నిప్పుడు వానలు రాకముందే చెప్పుచున్నాను.