ఎదురుచూపు – అందలి ధర్మము



గతమాసమున ఒక యాత్రిక దంపతులు మండపమున నన్ను కలిసికొని ఒక ప్రశ్న నడిగిరి. వారి కుమారుడు విదేశవిద్యకై ఉపకారవేతనము కోరి దరఖాస్తు పెట్టెనట. నెలలు గడచినను జవాబు లేదు. "పంతులుగారూ! అర్చన చేయించితిమి, ముడుపు కట్టితిమి. ఇంక మేము చేయవలసినదేమి?" అని వారి ఆవేదన. అప్పటికి నాలుగు మాటలు చెప్పి పంపితిని గాని నా మనస్సునకే తృప్తి కలుగలేదు. ఏలయన, అదే ఎదురుచూపు మా యింటను సాగుచున్నది.

మా మనుమరాలు హైదరాబాదులో డాక్టరేటు ముగించినది. భద్రాద్రి అడవులలోని కోయవారి భాషను గూర్చి ఇంకను పరిశోధింపవలెనని సంకల్పించి, ఐరోపా సమాఖ్యవారి మేరీ క్యూరీ ఫెలోషిప్పునకు సెప్టెంబరులో దరఖాస్తు చేసినది. ఫలితము ఫిబ్రవరి ప్రాంతమున వెలువడును. ఆ పిల్ల ఇప్పుడు కల్లూరులో మా యొద్దనే యున్నది. విస్తరి ముందు కూర్చున్నను చేతిలో ఫోను. తెల్లవారుజామున మేల్కొన్నను ఫోను. నిష్కామకర్మను గూర్చి నలుబది యేండ్లు ఉపన్యసించిన నేను మాత్రము తక్కువ తిన్నానా? సంధ్యకు కూర్చుండియు లోపలి గదివైపు చెవి యొగ్గుచున్నాను. ఒకనాడు మూడు మారులు అడిగితిని. అప్పుడామె, "తాతయ్యా! వస్తే నేనే చెప్తాను కదా. మీరు అడిగినప్పుడల్లా ఇంకోసారి ఓడిపోయినట్టు ఉంటుంది" అన్నది. ఆ మాట నన్ను మరల పాఠశాలలో కూర్చుండబెట్టినది. అట్లు నేర్చుకొన్న పాఠమునే ఇక్కడ నివేదించుచున్నాను.

సంస్కృతమున 'ఈక్ష్' అను ధాతువునకు చూచుట అని యర్థము. దానికి వేర్వేరు ఉపసర్గలు చేరగా అపేక్ష, పరీక్ష, సమీక్ష, ప్రతీక్ష, ఉపేక్ష అను పదము లేర్పడినవి. ఒక దరఖాస్తు జీవితమంతయు ఈ యైదు చూపులలో ఇమిడియున్నది.

మొదటిది అపేక్ష. కోరిక కలుగుట తప్పని కొందరు భ్రమపడుదురు. కోరిక లేక ఏ రైతు విత్తు చల్లును? గీతాచార్యుడు ఫలముపై హక్కు లేదనెనే గాని, పనిని ఉద్దేశము లేక చేయుమనలేదు. మన కల్లూరు రైతు సాగరు కాలువ నీటికై ఎదురుచూచును. చూచుచునే నారుమడి సిద్ధము చేసికొనును. నీరు వచ్చుట అతని చేతిలో లేదు, మడి అతని చేతిలో నున్నది. ఈ రెంటికి నడుమ గీత గీయగలుగుటయే వివేకము.

రెండవ, మూడవ చూపులు పరీక్ష, సమీక్ష. 'పరి' యనగా అన్ని వైపుల, 'సమ్' అనగా చక్కగా. పైన చెప్పిన ఫెలోషిప్పునందు ఒక్కొక్క దరఖాస్తును కనీసము ముగ్గురు నిపుణులు పరిశీలింతురు. నూటికి గుణములు. అందు పరిశోధన శ్రేష్ఠతకు 50, దాని ప్రభావమునకు 30, నిర్వహణకు 20. ఇక్కడ గుర్తింపవలసిన విషయమొకటి కలదు. 2024 సంవత్సరపు పిలుపునకు పదివేలకు పైగా దరఖాస్తులు రాగా, ధనసాయము దక్కినవి సుమారు పదునేడు వందలు. అనగా ఆరింట ఒకటి. 85 గుణములు దాటియు ధనము చాలక ఆగిపోయిన వానికి శ్రేష్ఠతాముద్ర నిచ్చి గౌరవింతురు. కావున 'రాలేదు' అను మాటకు 'అర్హత లేదు' అని యర్థము కాదు. సమీక్షింపబడినది కొన్ని పుటల దరఖాస్తు. వ్రాసిన మనిషి కాదు.

నాలుగవది ప్రతీక్ష. 'ప్రతి' యనగా అభిముఖముగా. వచ్చుదానికి ఎదురుగా నిలిచి చూచుట. దీనికి మన ప్రాంతముకంటె మంచి గురుపీఠమెక్కడ? భద్రాచలమునకు దిగువను కూనవరము చెంత గోదావరిలో కలియు నదికి శబరి యని పేరు. ఆ తల్లి కథను వాల్మీకి అరణ్యకాండమున చెప్పెను. మతంగ మహర్షి ఆశ్రమమునందలి గురువులు, రాముడు వచ్చునని చెప్పి పరలోకమునకు వెళ్ళిరి. ఏనాడు వచ్చునో తిథి నిశ్చయము లేదు. ఆమె దారివైపు చూచుచు ఊరక కూర్చుండలేదు. వనములో దొరకిన ఫలమూలములను సమకూర్చినది, తపస్సు విడువలేదు. రాముడు వచ్చిననాడు ఆతిథ్యమునకు కొరత లేకుండెను. పనితో నిండిన నిరీక్షణ తపస్సగును. పని లేనిది తాపమగును. అక్షరమొకటియే తేడా, అనుభవము వేరు.

రామదాసుగారి సంగతియు స్మరింపదగినది. పాల్వంచ పరగణా తహసీలుదారైన కంచెర్ల గోపన్న గోలకొండ చెరలో పండ్రెండేండ్లు గడపెనని ప్రతీతి. ఆయన స్వామిని వేడుకొనెను, నిందించెను, తాను చేయించిన నగల లెక్కయు చెప్పెను. స్వామి కోపగింపలేదు. కనుక ఎదురుచూచువాడు ఒకనాడు విసిగి భగవంతునితో కలహించినను అపచారమని భయపడనక్కరలేదు. కలహించుటకైనను ఆయన ఎదుటనే నిలిచియున్నాడు గదా!

విద్యార్థివేతనము దక్కని మహనీయుని కథ యొకటి చెప్పెదను. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మదరాసులో వైద్యము చదివిరి. స్ప్రూ అను ప్రేగుల వ్యాధి వారి యిద్దరు సోదరులను స్వల్పవ్యవధిలో బలిగొన్నది. అమెరికాలోని హార్వర్డునకు పోయి ఉష్ణమండల వ్యాధులను గూర్చి చదువవలెనని వారు తపించిరి. చేతిలో ధనము లేదు. చివరకు మామగారి సాయమును, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ ఆదరువును వారిని ఓడ యెక్కించినవి. అక్కడను వేతనము లభింపక, ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న కొలువు చేసి చదువు సాగించిరి. తరువాత లెడర్లీ ప్రయోగశాలలో వారి నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారైనది. సోదరులను హరించిన స్ప్రూ వ్యాధికి అది ఔషధమైనది. బోదకాలు నివారణకు మన ఊళ్ళలో పంచు డి.ఇ.సి. మాత్రయు అక్కడినుండి వచ్చినదే. వారు 1948లో అమెరికాలోనే కన్నుమూసిరి. స్వదేశమునకు మరల రాలేదు. ఇచ్చట వారి ధర్మపత్ని చూచిన ఎదురుచూపు ఫలింపలేదు. ఒకరి సిద్ధి వెనుక మరియొకరి నిరీక్షణ దాగియుండునని మనము మరువరాదు.

ఈ కథలో దాతలకును పాఠము కలదు. రంగూనులో ధనమార్జించిన నాయకరుగారు విద్యకై ధర్మము నెలకొల్పిరి. ఆ ధనముతో సముద్రము దాటిన విద్యార్థి చేతిమీదుగా లోకమునకు మేలు కలుగునని వారికి తెలియదు. విద్యాదానము చేయు పుణ్యాత్ములారా! మీ యొద్దకు వచ్చిన విద్యార్థిని నెలల తరబడి త్రిప్పవలదు. ఇచ్చునది యున్నచో సకాలమున నిండు. ఇయ్యజాలకున్నచో ఆ మాటయే మెత్తగా, తొందరగా చెప్పుడు. తడవు లేని 'కాదు' అనునదియు ఒక దానమే; ఆ విద్యార్థి మరియొక తలుపు తట్టుకొనుటకు కాలము మిగులును.

చివరిది ఉపేక్ష. లోకములో దీనికి నిర్లక్ష్యమని యర్థము. యోగశాస్త్రమున మైత్రి, కరుణ, ముదితలతోపాటు నాలుగవ భావనగా దీనిని చెప్పిరి. 'ఉప' యనగా సమీపమున. దగ్గరనుండియు కలత పడక చూచుట. ఇంటి పెద్దలకు ఈ చూపు మిక్కిలి అవసరము. బిడ్డను ఫలితము అడుగవద్దు. అన్నము తిన్నదా యని అడుగుడు. ఇరుగుపొరుగునకు ముందే చాటవద్దు. ఫలితము రాకున్నచో బిడ్డ పదిమందికి జవాబు చెప్పవలసివచ్చును. ఎదురుచూచు బిడ్డలకు నా మాట: ఫోను చూచుటకు దినమునకొక వేళ నియమించుకొనుడు. రెండవ దారి యొకటి సిద్ధపరచుకొనుడు. మా మనుమరాలు ఇప్పుడు ఉదయమున రెండు గంటలు తాను సేకరించిన కోయ పదములను అక్షరక్రమమున కూర్చుచున్నది. ఫెలోషిప్పు వచ్చినను రాకున్నను ఆ పదకోశము నిలుచును.

ఇక ముడుపు మాట. భక్తుడు అడుగుటలో దోషము లేదు. అయితే 'ఇచ్చినచో ఇచ్చెదను' అనునది బేరము. తప్పు నాదియు కలదు. ఎవరికిని చెప్పక నేనును అట్టి ముడుపే కట్టితిని. నిపుణులు గుణములు వేయుట ఏనాడో ముగిసియుండును. మనకు తెలియుటయే తరువాయి. ఇంక స్వామి నడుగవలసినది జవాబును కాదు, ఏ జవాబునైనను అందుకొనగల గుండెను. అందుచే మొన్న స్నానానంతరము ఆ ముడుపు విప్పి, షరతు తీసివేసి మరల కట్టితిని. శ్రీరామనవమికి మేమందరము భద్రాద్రి కల్యాణమునకు పోవుదుము. జవాబు ఏదైనను పోవుదుము.

ఈ వ్యాసము అచ్చునకు పోవు వేళకు ఫలితము రాలేదు. ఆ యాత్రిక దంపతులు ఈ పుటలు చదివినచో, ఆనాటి ప్రశ్నకు నా సమాధానముగా గ్రహింతురు గాక.

శుభమస్తు.