విధవరాలి ఇద్దరు కుమారులు

పాఠ్యభాగము: 2 రాజులు 4:1–7, నెహెమ్యా 5:1–13



ప్రవక్తల శిష్యులలో ఒకడు మరణించెను. అతడు దైవభక్తి గలవాడే. అయినను అప్పు మిగిల్చి పోయెను. అప్పులవాడు వచ్చి, బాకీ క్రింద అతని ఇద్దరు కుమారులను దాసులుగా తీసికొనిపోవ జూచెను. అప్పు పెద్దలది, దానిని తమ ఒంటితో తీర్చవలసినవారు పిల్లలు.

ఈ కథ మన గ్రామములకు క్రొత్తది కాదు. పెండ్లికో రోగమునకో తెచ్చిన కొద్దిపాటి అప్పుకు పిల్లవానిని ఆసామి యింట జీతమునకు పెట్టుట మన పెద్దలు ఎరిగినదే. పశువుల వెంట తిరిగిన ఆ పిల్లవాడు పలక పట్టలేదు. వడ్డీ పెరిగెనే గాని బాకీ తరుగలేదు. పిల్లల శ్రమను కుదువ పెట్టు ఒప్పందములు చెల్లవని 1933లో చట్టము వచ్చెను. 1976లో వెట్టిచాకిరి రద్దయ్యెను. 6 మొదలు 14 ఏండ్ల వరకు ప్రతి బిడ్డకు ఉచిత విద్య హక్కని చెప్పు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చెను. వీటికై దేవునికి స్తోత్రము. అయితే చట్టము వ్రాయబడినంత మాత్రమున బిడ్డ బడికి చేరడు. ఎవరో ఒకరు చేయి పట్టి తీసికొని పోవలెను.

ఎలీషా ఆ తల్లిని నిందింపలేదు. ఇంట నేమున్నదని అడిగెను. పొరుగువారందరి యొద్ద వట్టి పాత్రలు ఎరువు తెచ్చుకొమ్మనెను. నూనె దేవుడిచ్చెను, పాత్రలు ఊరివారిచ్చిరి. పాత్రలు ఉన్నంతవరకే నూనె పారెను. వారిచ్చినవి వట్టి పాత్రలే. అయినను ఇద్దరు బాలురు దాస్యము తప్పించుకొనిరి.

నెహెమ్యా దినములలో బీదల పిల్లలు దాస్యములోనికి పోవుటకు కారకులైన అప్పులవారు అన్యులు కారు, సొంత సహోదరులే. ఇది మనలను గద్దించుచున్నది. మన చేనిలో పత్తి తీయుచు, మన యింట అంట్లు తోముచు బడి యీడు బిడ్డ ఉన్నయెడల, ఆదివారమున మనము ఏ ముఖముతో ప్రార్థింతుము?

కాబట్టి ఈ నెలలో మన పేటలో బడి మానిన పిల్లలెవరో తెలిసికొందము. ఆ యింటి కష్టమేమో కూర్చుండి విందము. ఒకరు పుస్తకములు, ఒకరు పిడికెడు బియ్యము ఇయ్యవచ్చును. ఏమియు లేనివారు ఆ బిడ్డను ఉపాధ్యాయుని యొద్దకు వెంటబెట్టుకొని వెళ్లవచ్చును. ఇవియే మన వట్టి పాత్రలు. వాటిని తెచ్చి ప్రభువు ఎదుట ఉంచుదము, నింపువాడు ఆయనే.