రిటైర్మెంటు డబ్బుతో ఫిషింగ్ క్యాంపు పెట్టే ముందు

భిలాయ్ స్టీల్ ప్లాంటులో సర్వీసు చివరికొచ్చిన మనవాళ్లు నలుగురు కూర్చుంటే ఎవరో ఒకరు ఈ ప్లాన్ ఎత్తుతారు. తాందులా డ్యామ్ ఒడ్డునో గంగ్రేల్ దగ్గరో రెండు కాటేజీలు, ఒక పడవ, నాలుగైదు గాలాలు. రాయ్‌పూర్ నుంచి వీకెండ్ జనం వస్తారు, సరదాగా చేపలు పడతారు, మనకింత ఆదాయం. ఆలోచన చెడ్డదేం కాదు. కానీ ఇందులో డబ్బు పోయేది చేపలు పడకపోవడం వల్ల కాదు, కాగితాల దగ్గర, క్యాలెండర్ దగ్గర.

ముందు ఆ నీళ్ల మీద హక్కు ఎవరిదో కనుక్కోండి. డ్యామ్ జలవనరుల శాఖది. అందులో చేపలు పట్టే హక్కు మాత్రం లీజు మీద ఉంటుంది. చిన్న చెరువైతే గ్రామ పంచాయతీ ఇస్తుంది, ఎక్కువగా కేవట్, ఢీమర్ కులాల మత్స్యకార సహకార సమితులు తీసుకుంటాయి. రిజర్వాయరులో చేపపిల్లలను వదిలేది, కాపలా కాసేది లీజుదారులే. మీ టూరిస్టు గాలానికి మూడు కిలోల బొచ్చె పడిందంటే అది వాళ్ల పెట్టుబడి. ఒడ్డున మీకు పట్టా భూమి ఉన్నంత మాత్రాన నీళ్లలో గాలం వేసే హక్కు రాదు. ఈ తేడా తెలియక కాటేజీలు ముందు కట్టేసి, తర్వాత సమితితో గొడవ పడే పరిస్థితి తెచ్చుకోవద్దు.

తాందులా నీళ్ల సంగతి మనకు వేరే చెప్పక్కర్లేదు. ఆ డ్యామ్ వందేళ్లు దాటినది. కాలవల ద్వారా పొలాలకీ, మరోదా రిజర్వాయరు మీదుగా మన ప్లాంటుకీ అక్కడి నీరే వస్తుంది. ఎండాకాలం మట్టం ఎంత దిగాలో నిర్ణయించేది సాగు, ప్లాంటు అవసరాలు. మీ బుకింగులు చూసి ఎవరూ గేటు మూయరు.

ఇక లెక్క. ఛత్తీస్‌గఢ్‌లో జూన్ 16 నుంచి ఆగస్టు 15 దాకా క్లోజ్ సీజన్. చేప గుడ్లు పెట్టే కాలం కాబట్టి నదుల్లో, వాటితో కలిసిన జలాశయాల్లో వేట నిషేధం. సెప్టెంబరులో నీళ్లింకా బురదగానే ఉంటాయి. ఏప్రిల్, మే ఎండకు ఏ ఫ్యామిలీ పడవెక్కదు. గట్టిగా నడిచేది అక్టోబరు నుంచి మార్చి దాకా, అదీ శని, ఆదివారాలే: 26 వారాలు, 52 రోజులు. రోజుకు నాలుగు గాలాలు, ఒక్కోదానికి 1,500 రూపాయలు అనుకుందాం. అన్నీ నిండితే 3,12,000. సగం నిండితే 1,56,000. పడవ నడిపే ఇద్దరికి నెలకు పదేసి వేలిచ్చి ఏడాదంతా ఉంచుకుంటే 2,40,000 జీతాలకే పోతుంది. సీజనులోనే పెట్టుకుంటామంటారా, నేర్చిన మనిషి మరుసటి అక్టోబరుకి రాడు. గ్రాట్యుటీకి చట్టం పెట్టిన పరిమితి 20 లక్షలు. ఆ మొత్తంలో ఎన్నేళ్ల నష్టం భరిస్తారో ఈ లెక్క మీద వేసుకోండి. భోజనం, బస ఆదాయం లేకుండా గాలం ఒక్కటీ క్యాంపును మోయదు.

చట్టం విషయంలో కావేరి కథ తెలిసి ఉండాలి. కర్ణాటకలో భీమేశ్వరి, గాలిబోరె, దొడ్డమాకళి క్యాంపులు మాసీర్ చేప కోసం దేశదేశాల వాళ్లను రప్పించాయి. నడిపింది రాష్ట్ర ప్రభుత్వ సంస్థ జంగిల్ లాడ్జెస్. పట్టిన చేపను తూచి, ఫొటో తీసి, వదిలేసేవాళ్లు. ఒకప్పుడు దొంగవేట చేసినవాళ్లే గైడ్లుగా జీతాలు తీసుకున్నారు. అయినా ఆ చోటు వన్యప్రాణి అభయారణ్యం. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద అక్కడ గాలం వేయడం కూడా వేటేనన్న మాట రావడంతో 2010 తర్వాత ఆంగ్లింగ్ ఆగిపోయింది. అక్కడి మూపురం మాసీర్‌ను 2018లో ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ అంతరించే ప్రమాదం అత్యధికంగా ఉన్న జాతుల్లో చేర్చింది. గైడ్లుంటే నదికి కాపలా ఉంటుందన్న వాదన నాకు సబబుగానే తోస్తుంది. కానీ సబబైన వాదన పర్మిట్ కాదు. ప్రభుత్వ సంస్థకే తప్పని మూత మీకు తప్పుతుందనుకోకండి. అడవి హద్దు మ్యాపు చూడకుండా స్థలం కొనొద్దు.

వదిలేస్తే చేప బతుకుతుందన్నది కూడా సగం నిజమే. ముల్లు లేని గాలం వాడాలి. లేకపోతే ముల్లును ప్లయర్‌తో నొక్కి అణచాలి. చేతులు తడుపుకునే చేపను పట్టాలి, పొడి చేయి తగిలితే ఒంటి మీది జిగురు ఊడి జబ్బు పడుతుంది. మొప్పల్లో వేలు దూర్చి వేలాడదీసి సెల్ఫీ దిగిన చేప ఈదుకుంటూ వెళ్లినా తర్వాత చచ్చిపోవచ్చు. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ కాబట్టి మే నెలలో ఎంత జాగ్రత్తగా వదిలినా నమ్మకం లేదు. ఈ పని నేర్పే గైడు లేకుంటే మూడో సీజనుకి పెద్ద చేప కనబడదు, పెద్ద చేప లేనిచోటికి కస్టమరు రెండోసారి రాడు.

చేప ఎవరిదన్న విషయంలో బయటి దేశంతో పోల్చి చూడండి. బహమాస్ దేశంలో బోన్‌ఫిష్ అనే చేపను వలవేసి పట్టడం, అమ్మడం నేరం. విదేశీయుడు గాలం వేయాలంటే లైసెన్సు కొనాలి. అక్కడ ఆ చేప టూరిజానికే. తాందులా చేప మాత్రం ఒకరి అన్నం. అందుకే సమితిని పక్కన పెట్టి ఇక్కడ ఏ క్యాంపూ నిలవదు. ఒక్కో గాలానికి ఇంత అని సమితికి వాటా రాసివ్వండి, పడవ నడపడానికి వాళ్ల కుర్రాళ్లనే తీసుకోండి.

శ్రీకాకుళం పోయి సముద్రం మీద పెడతామనేవాళ్లకు రెండు మాటలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ఉంటుంది. చేపల వేటకు రిజిస్టరైన బోటులో టూరిస్టులను ఎక్కించకూడదు. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగాక ప్రయాణికుల బోట్లను ఎవరూ తేలిగ్గా తీసుకోవడం లేదు. లైఫ్‌జాకెట్, ఇన్సూరెన్సు ఖర్చు మొదటి రోజు నుంచే లెక్కలో ఉండాలి.

సర్వీసులో ఉండగానే మొదలుపెడదామనుకుంటే కండక్ట్ రూల్స్ చదవండి. అనుమతి లేని వ్యాపారం కుదరదు. ఆఫీసరైతే భార్య పేరు మీద పెట్టినా మేనేజ్‌మెంటుకు తెలపాలి. ఆఖరి ఏడాదిలో చార్జిషీటు తెచ్చుకుంటే సెటిల్‌మెంటు ఆగుతుంది.

ఒక వీక్లీ ఆఫ్‌లో జిల్లా మత్స్యశాఖ ఆఫీసుకు వెళ్లి ఆ జలాశయం లీజు ఎవరి పేరున ఉందో, ఎప్పటిదాకా ఉందో అడగండి. తర్వాత సమితి అధ్యక్షుణ్ణి కలవండి. ఈ రెండూ అయి, రాతపూర్వక ఒప్పందం చేతికొచ్చేదాకా స్థలానికి గానీ పడవకు గానీ ఒక్క రూపాయి అడ్వాన్సు ఇవ్వకండి.