న్యూ లానార్కు గ్రామ పునరుద్ధరణము

ఒక యూరు పాడగుటకు గోడలు కూలనక్కరలేదు; పని పోయిన చాలును. పని పోగా జనులు పోవుదురు. జనులు పోగా ఇండ్లు పోవును. ఇట్లు పాడగుచున్న యూరిని మరల నిలువబెట్టుట యొక్కరి వలన నగునా, పలువురు కూడిన నగునా యను ప్రశ్నకు స్కాట్లండు దేశమందలి న్యూ లానార్కు అను మిల్లు గ్రామ చరిత్రము తగిన యుత్తరమిచ్చుచున్నది. దానిని మనమిచ్చట పరిశీలింతము.

ఈ గ్రామము గ్లాస్గో నగరమునకు ఆగ్నేయముగా సుమారు 25 మైళ్ల దూరమున క్లైడు నది లోయలో నున్నది. నది యా ప్రాంతమున జలపాతములై దుముకుచుండును. ఆ నీటి బలముచే యంత్రములు త్రిప్పవచ్చునని తలచి, డేవిడ్ డేల్ అను వర్తకుడును, నూలు వడకు యంత్రములకు ప్రసిద్ధికెక్కిన రిచర్డ్ ఆర్క్‌రైటును 1785లో మిల్లు కట్టింప మొదలిడిరి. మరుసటి యేట వడకుట యారంభమయ్యెను. పనివారి కొరకు మిల్లుల చెంతనే రాతి యిండ్ల వరుసలు లేచెను.

1800 జనవరి 1వ తేదీన డేల్ అల్లుడగు రాబర్ట్ ఓవెన్ నిర్వహణము చేపట్టెను. పదియేండ్లు నిండని పిల్లలను పనిలో చేర్చుకొనుట మాన్పించెను. గ్రామపు టంగడిలో మంచి సరుకులను చౌకగా నమ్మించి, వచ్చిన లాభమును బడికి వినియోగించెను. 1816 జనవరి 1న తెరచిన విద్యాలయములో చిన్నబిడ్డలకు సయితము చోటు కల్పించెను.

అయిన నీ కార్యము సులభముగా సాగలేదు. బడికై చేయు వ్యయము లాభమును తగ్గించునని పూర్వపు భాగస్వాము లడ్డుపడిరి. అంతట 1813లో ఓవెన్ క్రొత్తవారిని కూర్చుకొనెను. విలియం ఆలెన్, జెరెమీ బెంథాం అనువారు వారిలో నుండిరి. పెట్టుబడిపై నూటికి 5 వంతున వచ్చు ఆదాయముతో తృప్తినొంది, మిగులును పనివారి మేలునకు వెచ్చింప వారు సమ్మతించిరి. సదుద్దేశము గలవానికి దానిని మోయు తోడు కూడ నవసరమని దీని వలన తెలియుచున్నది.

1825లో ఓవెన్ ఆ గ్రామమును విడిచెను. మిల్లులు చేతులు మారుచు నడిచి, తుదకు 1968లో మూతపడెను. ఊరంతయు నొక్క మిల్లునే నమ్ముకొని యుండినందున, యంత్రము లాగుటతో నూరి యూపిరియే యాగినట్లయ్యెను. మిల్లు కట్టడములు లోహపు తుక్కు వ్యాపారము చేయు నొక సంస్థ వశమయ్యెను. వానిని పడగొట్టుదురేమో యను భయమును కలిగెను.

అప్పుడొక ధనవంతుడు వచ్చి యూరిని కాపాడలేదు. పలువురు కలిసి భారమును పంచుకొనిరి. 1963లోనే ఏర్పడియుండిన గృహసంఘ మొకటి శిథిలమగుచున్న యిండ్లను బాగుచేయు పని కారంభించియుండెను. 1974లో గ్రామ పరిరక్షణమునకై ఒక ట్రస్టు స్థాపింపబడెను. 1983లో నిర్బంధ సేకరణపు టుత్తరువు వలన మిల్లులు తుక్కు సంస్థ చేతినుండి వెలువడెను. ప్రభుత్వములు ధనసహాయము చేసెను. నిరుద్యోగులకు పని కల్పించు పథకముల క్రింద వచ్చినవారు కట్టడములను బాగుచేయుటకు తోడ్పడిరి. పని లేనివారికి పనియు, పాడుపడిన గోడలకు ప్రాణమును ఒకేమారు లభించెను. ఈ యుద్యమమున మిక్కిలి మెచ్చదగిన యంశ మిదియేయని మా యభిప్రాయము.

మరియొక విశేషము గలదు. ఊరిని కేవలము చూపరుల వినోదశాలగా మార్చక, కొన్ని యిండ్లను అద్దెకిచ్చి, కొన్నింటిని సొంతదారుల కప్పగించిరి. మొదటి మిల్లు 1998లో హోటలుగా మారెను. మూడవ మిల్లులో నీటి చక్రయంత్రము విద్యుత్తును పుట్టించుచున్నది. పూర్వము ప్రత్తినూలు వడకినచోట నేడు పాత యంత్రముపై ఉన్నినూలు వడకబడుచున్నది. 2001లో యునెస్కో సంస్థ ఈ గ్రామమును ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను.

అట్లని గత వైభవమంతయు తిరిగి వచ్చెనని చెప్పరాదు. ఓవెన్ కాలమున సుమారు 2500 మంది నివసించినచోట నేడుండువారు 200 ప్రాంతము మాత్రమే. యాత్రికులనే నమ్ముకొనినచో మరల నొక్క కొమ్మనే పట్టుకొని వ్రేలాడుట యగును. కావుననే పలువిధములైన ఆదాయములు కావలెను.

విద్యార్థులారా! మీ యూరిలో పాడుపడిన సత్రమునో, మూతపడిన కార్ఖానానో చూచినపుడు దాని గోడలను మాత్రమే చూచి విచారింపకుడు. ఇందు మరల నెవరు నివసింతురు? ఏ పని చేసి బ్రదుకుదురు? ఎవరెవరు ఏయే భారము మోయుదురు? అని మూడు ప్రశ్నలు వేసికొనుడు. మూడవ ప్రశ్నకు జవాబుగా మీ పేరు కూడ చేరినయెడల, ఆ యూరికి మంచి దినములు దూరమున లేవని మేము నమ్ముచున్నాము.